వేడి వేరు, మంట వేరు

మా అమ్మ డాలస్‌లో మా ఇంటికి వచ్చిన రోజే వంటింట్లో మంట కోసం వెతికింది. ఉన్నది గాజుపలక లాంటి కరెంటు పొయ్యి. పాలు కాస్తుంది, పప్పు ఉడికిస్తుంది, పోపు వేయిస్తుంది. "మరి వంకాయ ఎక్కడ కాలుస్తార్రా?" అని అడిగింది. నేనేమీ చెప్పలేకపోయాను.

ఆ ఆదివారం గొర్రె తొడమాంసం సూ వీడ్ పద్ధతిలో వండాను. ఉప్పు, మిరియాలు, ధనియాల పొడి పట్టించి, గాలి తీసేసిన సంచిలో పెట్టి, 57 డిగ్రీల నీళ్ళలో ఆరు గంటలు ఉంచాను. సూ వీడ్ అంటే ఫ్రెంచిలో 'శూన్యంలో' అని. 1974లో ఫ్రాన్స్‌లోని రోవాన్‌లో, త్రువాగ్రో వారి రెస్టారెంటు కోసం జార్జ్ ప్రాలుస్ అనే వంటవాడు ఫ్వా గ్రా (బలిపించిన బాతు కాలేయం) కొవ్వంతా కరిగి చిక్కిపోకుండా వండే దారి వెతికి, ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. నీటి వేడిని మించి మాంసం వేడెక్కదు. అందుకే అంచు నుంచి నడిమి దాకా ఒకే మెత్తదనం.

సంచి విప్పాను. బూడిదరంగు ముక్క, ఒళ్ళంతా తడి. అమ్మ వేలితో నొక్కి చూసింది. "ఉడికిందిరా. కాలలేదు."

ఉడకడం, మగ్గడం, వేగడం, కాలడం, కమరడం, మాడడం. వంటకు నిప్పు చేసే ప్రతి పనికీ మనవాళ్ళు ఒక మాట పెట్టుకున్నారు. 1912లో లూయీ కమీల్ మెయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వివరించింది ఆ మాటల్లో నడిమివాటి సంగతే. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి ఎరుపునూ కమ్మదనాన్నీ పుట్టిస్తాయి. సుమారు 140 డిగ్రీలు దాటితే గానీ ఆ పని జోరందుకోదు. పైన తడి ఉన్నంతసేపూ ఆ పొర వంద దగ్గరే ఆగిపోతుంది.

మా నాయనమ్మ నాటుకోడి ఈకలు పీకాక వరిగడ్డి మంట మీద అటూ ఇటూ తిప్పి, పసుపు రాసి కడిగేది. నూగు పోవడానికే ఆ మంట అనుకునేవాణ్ణి. పులుసులో తోలుముక్క కొరికినప్పుడు తగిలే ఆ పొగరుచి మసాలాది కాదనీ, గడ్డిమంటదనీ తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆవిడ ఒక్క మంటతోనే కాల్చడం, పొగ పట్టించడం రెండూ చేసేసింది. నేను విడివిడిగా నేర్చుకోవాల్సి వచ్చింది.

ముందు పొగ. పొగకు చల్లదనమూ తడీ ఇష్టం. పైపొర చల్లగా, చెమ్మగా ఉంటే బాగా పడుతుంది. అందుకని మరోసారి వండినప్పుడు సంచితోనే ఐసు నీళ్ళలో చల్లార్చాను. పెరట్లో మూత ఉన్న బొగ్గుల పొయ్యిలో ఒకపక్క నాలుగు నిప్పులు, వాటి మీద హికరీ చెక్కముక్కలు, రెండోపక్క మాంసం. చెక్కలోని లిగ్నిన్ కాలి విడిపోయినప్పుడు గ్వయాకోల్, సిరింగోల్ అనే పదార్థాలు పుడతాయి. మనం పొగవాసన అనేది చాలామటుకు వాటినే. పొగ పలచగా, నీలిఛాయలో ఉండాలి. తెల్లగా, దట్టంగా కమ్మితే ముక్క చేదెక్కుతుంది. హైదరాబాదీ వంటవాళ్ళు గిన్నె మధ్యలో నిప్పుకణిక పెట్టి, నెయ్యి చుక్క వేసి, మూత బిగించేదీ ఈ పొగరుచి కోసమే.

తర్వాత మంట. దీనికి పొడిదనం కావాలి. ముక్కను గుడ్డతో బాగా అద్ది ఇనప పళ్ళెంలో పెట్టాను. గ్యాస్ టార్చ్‌ను ముక్కకు దూరంగా వెలిగించి, హోరు కుదిరి మంట నీలంగా నిలిచాకే దగ్గరికి తేవాలి. మంట పసుపుపచ్చగా ఊగుతోందంటే గ్యాస్ సరిగా కాలడం లేదన్నమాట. ఆ వాసన మాంసానికి పడుతుంది. నీలిమంట వేడి 1,900 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఒకేచోట నిలిపితే ఎర్రబడే లోపే మాడుతుంది. కంసాలి ఊదుగొట్టంతో నగ చుట్టూ మంటను తిప్పినట్టు, చెయ్యి ఆగకుండా కదలాలి. కొవ్వు చిటపటలాడింది, అంచులు ఎర్రబడ్డాయి. కాలడం దాటి కమరడంలో పడకముందే ఆపేశాను.

అమ్మ అంచుముక్క తీసుకుని నెమ్మదిగా నమిలింది. "నాయనమ్మ పెరడు గుర్తొస్తోందిరా" అంది.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా కాలిన వంకాయ వాసన. ఓవెన్‌లో మెత్తగా మగ్గబెట్టిన వంకాయలు అదే ఇనప పళ్ళెంలో ఉన్నాయి. తొక్కంతా నల్లగా పొక్కిపోయి ఉంది. పక్కన టార్చ్. అమ్మ రోట్లో పచ్చిమిరపకాయలు నూరుతోంది.

"లోపల ఓవెన్ చూసుకుంది," అంది తలెత్తకుండా, "పైన నేను చూసుకున్నా."