కొండకు గడువు

సైకిలు పందెమంటే చాలమందికి తుదిగీత దాటే విజేత రూపమే కన్నుల ముందు మెదలుతుంది. అంతకు ముందు కాగితము, గడియారము పట్టుకొని కూర్చునే వారి తలనొప్పి ఎవరికీ పట్టదు. ఈ ఏడు ఆ తలనొప్పి మా పాలబడింది. బి.కొత్తకోట నుండి హార్సిలీ కొండ శిఖరము వరకు విద్యార్థులకు సైకిలు పందెము జరపాలని తలచిన మా ఐదుగురికి, దారిని నిర్ణయించడము కంటె వేళను నిర్ణయించడమే కష్టమని త్వరలోనే తెలిసివచ్చింది.

దారి సంగతి క్లుప్తముగా చెబుతాము. బి.కొత్తకోటలో బయలుదేరి, అంగళ్లు మీదుగా మదనపల్లె పొలిమేర తాకి, వచ్చిన దారినే వెనుదిరిగి, కాండ్లమడుగు క్రాస్ వద్ద ఘాట్ రోడ్డు ఎక్కాలి. మొత్తము దరిదాపు 60 కిలోమీటర్లు. పట్టణము లోపలికి పోరాదని మొదటే ఖరారు చేసుకొన్నాము. టమోటా లారీల నడుమ పిల్లలను పోటీకి వదిలే ధైర్యము మాలో ఎవరికీ లేదు.

చిక్కంతా చివరి తొమ్మిది కిలోమీటర్లలోనే ఉన్నది. మదనపల్లె సముద్రమట్టమునకు 700 మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున ఉంటే, హార్సిలీ కొండ సుమారు 1,265 మీటర్లు. సైకిలుతో కలిపి 80 కిలోల బరువును అర కిలోమీటరుకు పైగా నిలువున ఎత్తినట్లే. ఒకప్పుడు ఏనుగు మల్లమ్మ కొండగా ఉండిన ఈ చోట వేసవి విడిది కట్టుకొన్న కడప కలెక్టరు హార్సిలీ దొర కాలానికి ఇప్పటి సైకిలు పుట్టనే లేదు గనుక, ఆయనకు ఈ లెక్కల బెడద తప్పింది.

మాలో గేర్ల సైకిలు గల మిత్రుడొకరు, "నాలుగు గంటలు చాలు, అంతకు మించితే వారిని లెక్కలో తీసుకోవద్దు" అన్నారు. మరొకరు, ఇంటింటికీ పాలు పోసే తండ్రి సైకిలు తప్ప వేరొకటి లేనివారు, ఏమీ అనలేదు. ఆ మౌనము మమ్ములను ఇబ్బంది పెట్టింది. మరుసటి ఆదివారమే ఇద్దరినీ కొండ ఎక్కించి చూశాము. మొదటివారికి 62 నిమిషాలు పట్టింది. రెండవవారు మలుపుమలుపుకూ దిగి, సైకిలును నెట్టుకొంటూ గంటా 50 నిమిషాలకు చేరారు. చేరిన వెంటనే వారడిగినది నీళ్లు కాదు, "ఎంతసేపయింది?" అని.

గడువెట్లా కట్టాలో ప్రపంచములో కొందరు ముందే ఆలోచించి ఉన్నారు. ఫ్రాన్సులో 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ సవారీ నేడు నాలుగేళ్లకొకసారి జరుగుతున్నది. 1,200 కిలోమీటర్లకు 90 గంటలు గడువు. ఆ లోపల చేరిన వారందరూ కృతార్థులే. హైదరాబాదులోనూ సైకిలు ప్రియులు ఆ పద్ధతిలోనే 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల గడువుతో తొక్కుతున్నారు. అంటే గంటకు 15 కిలోమీటర్లు. మేము దానినే కొలగా తీసుకొన్నాము. కొండ కింది 51 కిలోమీటర్లకు 3 గంటల 24 నిమిషాలు, ఘాట్ రోడ్డుకు నెట్టుకొంటూ ఎక్కేవాని లెక్కన 2 గంటలు, పంక్చర్లకు, మంచినీళ్లకు 36 నిమిషాలు: వెరసి 6 గంటలు. నాలుగు గంటల మిత్రుడు ఈ కూడికను రెండుసార్లు సరిచూశారు. తప్పు దొరకలేదు.

బయలుదేరే వేళ మరొక వివాదము. సంక్రాంతి రోజులలో ఇక్కడ సూర్యోదయము 6-45 ప్రాంతములో. చీకటిలో ఎవరినీ వదలరాదు. ముప్పదిమందిని ఒక్కసారిగా వదిలితే రోడ్డు నిండిపోతుంది. కొండ సైకిళ్ల పందేలకు ఆద్యమైన రీప్యాక్ పోటీ 1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలో జరిగింది. అక్కడ ఒక్కొక్కరినే రెండేసి నిమిషాల ఎడముతో వదిలేవారు. మేమూ అట్లే చేస్తే మొదటివానికీ చివరివానికీ నడుమ 58 నిమిషాలు. ఆ చల్లని గంట ఎవరికి దక్కాలి? నిదానస్థులకే అని తేల్చాము. గేరు లేని సైకిళ్లు ముందు, గేర్లవి వెనుక. ఎవరి గడియారము వారిదే గనుక అన్యాయము లేదు.

రీప్యాక్ అన్న పేరులోనే ఒక హెచ్చరిక ఉన్నది. అది దిగుడు పందెము. నిటారు దారిలో పాతకాలపు బ్రేకులు కాగి, చక్రపు నడిబొడ్డులోని గ్రీజు ఆవిరైపోయేదట. మళ్లీ గ్రీజు దట్టవలసి వచ్చేది గనుక ఆ పేరు. ఎండ్యూరో అనే నేటి పోటీలలో దిగుడుకే సమయము లెక్కిస్తారు, ఎక్కుడుకు లెక్కించరు. మేము దానిని తలకిందులు చేశాము. శిఖరముతో పందెము సమాప్తము. దిగడము గుంపులుగా, నడుమ ఆగి చక్రపు అంచులు చల్లారనిచ్చి, సాయంత్రము నాలుగు గంటల లోపల. ఘాట్ మలుపులో ఎదురు బస్సుకు మన పందెము సంగతి తెలియదు కదా!

గడియారము పట్టేవారు గాలిబండ వద్ద బల్ల వేసుకొంటామని ముచ్చటపడ్డారు. కాగితాలన్నీ లోయపాలవుతాయని వారించాము.

ఇక అటవీశాఖ, పోలీసువారి అనుమతులు రావాలి. పంక్చరు సామగ్రికి, వెనుక నడిచే ఒక వాహనానికి కళాశాల కమిటీవారిని అర్థించాము. తేదీ ఇంకను ఖరారు కాలేదు. బయలుదేరే వరుస పట్టిక మాత్రము సిద్ధమైనది. అందులో మొదటి అంకె పాల సైకిలుది.