మా వీసా యాత్ర

యాత్రలను గూర్చి వ్రాయువారు సాధారణముగా ఓడ యెక్కిన దినమునుండియో, విమాన మెక్కిన దినమునుండియో ప్రారంభింతురు. మా యాత్ర అట్లు ప్రారంభము కాలేదు. 2024 ఏప్రిల్ నెలలో నొక శనివారము రాత్రి, లండను శివారున మా వంటింటి బల్లయొద్ద, కంప్యూటరు తెరపై "ప్రయాణమునకు అనుమతి లేదు" అను మూడు మాటలతో ప్రారంభమయ్యెను.

న్యూజెర్సీలో నున్న మా అమ్మాయికి జూలై మొదటివారమున పురుడు వచ్చునని వైద్యులు చెప్పియుండిరి. తొలిచూలు. మన దేశమందైనచో సీమంతము చేసి పుట్టినింటికి తీసికొని వచ్చెడివారము. ఉద్యోగములును, ఆసుపత్రి భీమాలును అడ్డుపడు నీ కాలమున కూతురు పుట్టినింటికి రాజాలదు గనుక పుట్టినిల్లే కూతురి యొద్దకు కదలవలసి వచ్చుచున్నది. శొంఠియు వామును వేయించి పొడిచేసి డబ్బాలకెత్తియుంచితిమి. మా వారు సెలవునకు వ్రాసికొనిరి. మిగిలినది ఈ అనుమతి యొక్కటే. అదియు పది నిమిషముల పని యని నమ్మియుంటిమి.

అట్లు నమ్ముటకు కారణము కలదు. మేమిరువురము బ్రిటిషు పౌరులము. ఆ పాస్‌పోర్టు గలవారు 90 దినములకు మించకుండ అమెరికా చూచి రావలెనన్న వీసా అక్కరలేదు. 1988లో నీ సదుపాయమును మొట్టమొదట పొందిన దేశము బ్రిటనే. నేడు నలువది పైచిలుకు దేశములవారికి కలదు. 2009 జనవరినుండి మాత్రము బయలుదేరుటకు ముందే "ఎస్టా" అను అనుమతిని ఇంటర్నెట్టులో నడిగి పొందవలెను. దానికి మేము చెల్లించిన రుసుము 21 డాలర్లు. 2025 సెప్టెంబరు 30 నుండి అది 40 డాలర్లయినది. పూర్వము రెండు పర్యాయము లడిగితిమి, రెండు పర్యాయములును వెంటనే లభించెను. ఈ మారు ఆ ప్రశ్నలలో నొకదానికి మేము "అవును" అని వ్రాయవలసి వచ్చెను. "2021 జనవరి 12వ తేదీ తరువాత క్యూబాకు పోయితిరా?"

పోయితిమి. 2023 జనవరిలో పది దినములుంటిమి. కారణము వినిన సోదరీమణులు నవ్వుదురేమో. పొగాకు చూచుటకు పోయితిమి. మా మామగారు కందుకూరు ప్రాంతమున వర్జీనియా పొగాకు పండించినవారు. మా వారి బాల్యమంతయు బ్యారన్ల చుట్టు గడచినది. పచ్చియాకును ఆడువారు కర్రలకు కట్టుచుండుట, రాత్రులందు బ్యారను వేడి చల్లారకుండ మగవారు కావలి యుండుట, వేలమునాడు ఇంటిలో నెవ్వరును గట్టిగ మాట్లాడకుండుట, ఇవి ఆయన తరచు చెప్పు ముచ్చటలు. క్యూబాలోని వినాలెస్ లోయ పొగాకు గొప్పదని వినిననాటినుండి దానిని చూడవలెనని ఆయన కోరిక.

ఆ లోయను జూచి మేము చాలసేపు మాటలాడలేదు. చదునైన యెఱ్ఱమట్టి చేల నడుమ, ఏనుగులు పండుకొన్నట్లు నున్నని సున్నపురాతి గుట్టలు నిలిచియుండును. వానిని అచ్చటివారు మొగోటెలందురు. ఎద్దులతోనే దున్నుచుండిరి. అచ్చట బ్యారనునకు మంట లేదు. తాటాకువంటి యాకు కప్పిన యెత్తైన పాకలలో గాలికే యాకు నారబెట్టుదురు. ఆ పాకయొద్ద నొక ముదుసలి సూదియు దారమును గైకొని ఆకులను జంటలుగా గ్రుచ్చి కర్రకు వ్రేలాడదీయుచుండెను. మా వారు ఆమె ప్రక్కన గూర్చుండి, భాష తెలియకయే, తాను చిన్నప్పుడు చూచిన కట్టును దారముతో కట్టి చూపిరి. ఆమె దానిని విప్పి, తన పద్ధతిని నేర్పెను. ఇరువురును గంటసేపు అట్లే యుండిరి. మేము పొగ త్రాగువారము కాము గనుక ఆమె యిచ్చిన చుట్టను అచ్చటి బండివానికే యిచ్చి వచ్చితిమి.

ఆ గంటసేపటి ముచ్చటకు ఇంతటి వెల యున్నదని మేమెట్లెఱుగుదుము? 2015లో అమెరికావారు చేసిన యొక చట్టము ప్రకారము, 2011 మార్చి 1 తరువాత ఇరాను, ఇరాకు, సిరియా మున్నగు కొన్ని దేశములలో నడుగు పెట్టినవారికి వీసా లేని ప్రయాణము లేదు. ప్రభుత్వపు పనిమీదనో, సైన్యముతోనో పోయినవారికి మాత్రము మినహాయింపు. 2021 జనవరి 12న క్యూబాను ఉగ్రవాదమునకు తోడ్పడు దేశముల పట్టికలో మరల చేర్చుటచే ఆ ద్వీపమునకును ఈ నియమము తగులుకొనెను. 2025 జనవరి 14న దానిని పట్టికనుండి తీయుదుమని యొక అధ్యక్షుడు ప్రకటించెను. 20వ తేదీననే తరువాతి అధ్యక్షుడు ఆ ప్రకటనను రద్దు చేసెను. దొరల పట్టికలు మారుచుండును, పొగాకు గ్రుచ్చు ముదుసలికి వానితో పని యేమి?

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మరునాడు ఒక మిత్రుడు వచ్చి, "మీ పాస్‌పోర్టులో క్యూబా ముద్రయే లేదు గదా, మరల అర్జీ పెట్టి 'లేదు' అని వ్రాయుడు" అని యుపదేశించెను. ముద్ర లేకపోవుట నిజమే. విడిగా నిచ్చిన చీటీతోనే పోయి వచ్చితిమి. అమ్మాయి నెలలు నిండినది, మనసు చంచలము. మా వారు కంప్యూటరు ముందు కూర్చుండి, ఆ గడిపై వ్రేలు నుంచిన మాట కూడ సత్యము. ఒకసారి నిజము వ్రాసి మరునాడు అబద్ధము వ్రాసినచో రెండు కాగితములును వారియొద్దనే యుండును. అబద్ధము బయటపడెనా, ఆ దేశపు తలుపు జీవితాంతము మూసికొనవచ్చును. ఒక్క పురుటికై పది పుట్టినరోజులను పోగొట్టుకొందుమా యని అడుగగా ఆయన లేచి కంప్యూటరు మూసివేసిరి.

పిమ్మట తెలిసికొన్న దేమనగా, ఎస్టా నిరాకరణము వీసా నిరాకరణము కాదు. "నీవు దోషివి" యని దాని యర్థము కాదు. "నీవు ఈ దారిన రాకుము, ఆ దారిన రమ్ము" అనుటయే. దానిపై అప్పీలు లేదు. ఆ రెండవ దారి పేరు బీ-2 యను విహారపు వీసా. దానికి డీ.ఎస్.160 అను పత్రమును నింపవలెను. ఇది పదినిమిషముల పని యెంతమాత్రము కాదు. అయిదేండ్లలో చూచిన దేశములు, తలిదండ్రుల పుట్టిన తేదీలు, పూర్వపు ఉద్యోగములు, ఫేసుబుక్కు మొదలగువానిలోని పేర్లు అన్నియు వ్రాయవలెను. ఎస్టా నెన్నడైన నిరాకరించిరా యని కూడ నడుగుదురు. అచ్చటను "అవును" అని వ్రాసి, క్యూబా మాట నొక వాక్యములో చెప్పితిమి. ఇరువది నిమిషములు చేయి కదల్పకున్న తెర మూసికొనును గాన, పొయ్యిమీద పప్పు పెట్టి ఈ పత్రము నింపవలదని సోదరీమణులకు మనవి. మేము పప్పునుగూడ పోగొట్టుకొంటిమి. ఛాయాచిత్రము రెండంగుళముల చదరము, కండ్లద్దము లుండరాదు. రుసుము మనిషికి 185 డాలర్లు, వీసా రాకున్నను తిరిగి యియ్యరు. సంభాషణకు దొరకిన దినము జూన్ 18, మంగళవారము. పురుటికి సుమారు రెండు వారముల ముందు.

ఒంగోలులో నున్న మా అత్తగారికి ఫోనులో ఈ సంగతి చెప్పగా, "మీకును వీసాయా!" యని యాశ్చర్యపడి, హైదరాబాదులోని మా ఆడుబిడ్డను చిలుకూరు బాలాజీ గుడికి పంపి మా పేర పదునొకండు ప్రదక్షిణములు చేయించిరి. కోరిక తీరినచో నూట యెనిమిది. ఆమె మాట మమ్ములను 1999కి కొనిపోయెను. హైదరాబాదులో అమెరికా కాన్సలేటు 2008లో గాని వెలయలేదు. అంతకు పూర్వము మనవారందఱును మద్రాసు పోవలసినదే. మా వారు ఉద్యోగపు పనిమీద వీసాకై పోయినప్పుడు, జెమినీ వంతెనయొద్ద తెల్లవారకమున్నే కాగితముల సంచి యొడిలో పెట్టుకొని నిలిచిరి. బ్రిటిషు పాస్‌పోర్టు చేతికి వచ్చిన పిమ్మట ఆ వరుసలను మరచితిమి. మరచుటయే కాదు, వరుసలో నున్న మన బంధువులకు, "ఇంత భయ మేల?" యని ధైర్యము చెప్పుచుంటిమి కూడ.

జూన్ 18 ఉదయము ఏడు గంటలకే నైన్ ఎల్మ్స్ చేరితిమి. థేమ్సు నది దక్షిణపు టొడ్డున, 2018 జనవరిలో తెఱచిన రాయబార కార్యాలయము గాజు పెట్టెవలె నిలిచియున్నది. దాని గోడలకు తెరచాపలవంటి తెల్లని కప్పులు, ఒక ప్రక్క చెఱువు. కోటకు అగడ్త వంటిదే యైనను, బాతులుండుటచే భయము గొల్పదు. చేరువనే న్యూ కోవెంట్ గార్డెన్ పూలబజారు. రాత్రియంతయు జరిగిన బేరము ముగియుచుండ, గులాబీలు నింపిన బండ్లు మా ప్రక్కనుండి పోవుచుండెను. ఆ పరిమళము వరుసలోని వారందఱికిని ఒకేరీతిగా తగిలెను.

మా ముందు ముప్పది యేండ్ల యువతి యొకతె నిలిచియుండెను. మాంచెస్టరులో పుట్టినది, తండ్రి ఇరానువాడు. తండ్రినిబట్టి ఆ దేశమువారు ఆమెనుగూడ తమ పౌరురాలిగనే యెంచుదురట. అందుచే ఆమెకును ఎస్టా లేదు. ఆమె ఇరానును ఎన్నడును చూడలేదు. మా క్యూబా కథ విని, "మీరు చూచి వచ్చినందుకు, నేను పుట్టినందుకు" అని నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

లోపల పదివ్రేళ్ళ ముద్రలు తీసికొనిరి. ఇంటి పత్రములు, బ్యాంకు లెక్కలు, ఉద్యోగపు ఉత్తరములు, అమ్మాయి వైద్యుని లేఖ అన్నియు బొత్తిగా కట్టి తెచ్చితిమి. ఆ దేశపు చట్టము విహారమునకు వచ్చు ప్రతివానిని అచ్చటనే కాపురముండ వచ్చువానిగ తలంచును. కాదని చూపించు భారము మనది. గాజు కిటికీ వెనుక నున్న యధికారిణి ఆ బొత్తిలో నొక కాగితము నైన నడుగలేదు. క్యూబాకేల పోయితి రనెను. మా వారు పొగాకు సంగతి చెప్పిరి. "చుట్టలు తెచ్చితిరా?" "మేము త్రాగము." ఆమె తలయెత్తి చూచెను. తిరిగి యెప్పుడు వత్తురు, ఇచ్చట నేమి పని చేయుదురు, అమ్మాయి యొద్ద నెవరుందురు, మూడు నిమిషములు. వీసా నిచ్చుచున్నాము, పాస్‌పోర్టులు కొరియరులో వచ్చుననెను.

అవి జూన్ 25న వచ్చినవి, పదేండ్ల వీసా. అప్పటికే మనుమరాలు 22న, అనుకొన్నదానికి రెండు వారములు ముందుగా, పుట్టియుండెను. ఆ రాత్రి ఆసుపత్రిలో అమ్మాయి యొద్ద అల్లుడొక్కడే యుండెను. ఫోను తెరలో బిడ్డ నేడ్చుట వినుచు మా వంటింటి బల్లయొద్దనే కూర్చుంటిమి.

30వ తేదీ, తొమ్మిదవనాడు, నెవార్కులో దిగితిమి. వీసా యున్నంతమాత్రమున లోనికి పోవుట నిశ్చయము కాదు గాన అచ్చటి యధికారి మరల అడిగెను, చెప్పితిమి, ఆరు మాసములు వ్రాసి యిచ్చెను. పదునొకండవనాడు పురిటిస్నానము. స్నానపు గదిలో పీట లేదు. తొట్టి యంచున తువాలు పరచుకొని కాళ్ళు చాచి కూర్చుంటిమి. బిడ్డను కాళ్ళపై పరుండబెట్టి నువ్వులనూనె రాచి, సున్నిపిండితో నలచుచుండ, పొగాకుకట్టు నెఱిగిన ఆ చేతులు చెంబుతో నీళ్ళు పోసినవి. అమ్మాయి తలుపునకు జేరగిలబడి, "అమ్మా, నీళ్ళు వేడెక్కువగా లేవు గదా?" యని అడిగెను. బిడ్డ యొక్క గావుకేక పెట్టి, పిమ్మట నిద్రపోయెను.