ముష్టియుద్ధమున న్యాయము

మా నాచారమునకు పొరుగుననున్న ఉప్పల్ క్రీడాంగణమున క్రికెట్టు జరుగునపుడు, ఆటగాండ్రు తీర్పును శంకించినచో, యంత్రములు పట్టిన చిత్రములను మరల పరికించి తప్పును దిద్దుదురు. బంతి పోయిన దారి కొలతకు లొంగును. బాక్సింగు అని పిలువబడు ముష్టియుద్ధమున దెబ్బ యొక్క విలువ అట్లు లొంగునా?

1988 లో సియోల్ ఒలింపిక్ క్రీడలలో అమెరికా యువకుడు రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలించి 32 మాత్రమే తినినట్లు లెక్క తేలినను, న్యాయనిర్ణేతలు 3-2 గా దక్షిణకొరియా వాడగు పార్క్ సి-హున్‌కే జయమిచ్చిరి. ఆ అపకీర్తి పిమ్మట, 1992 బార్సిలోనా క్రీడలలో మీటల యంత్రము వచ్చినది. అయిదుగురిలో ముగ్గురు ఒక్క సెకనులోపల మీట నొక్కిననే దెబ్బ లెక్కకెక్కెడిది. కాని నొక్కునది మనుష్యుని వ్రేలే గదా! 2013 లో ఆ పద్ధతిని విడిచి, ప్రతి విడతను గెలిచినవారికి 10, ఓడినవారికి 9 లేక అంతకు తక్కువ వేయు పద్ధతిని గైకొనిరి.

మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022 లో ఇస్తాంబుల్ నగరమున ప్రపంచవిజేత యైనపుడు అయిదుగురును ఆమెకే జయము పలికిరి. అట్టిచోట వివాదము లేదు. ఇరువురును సమానముగా పోరినపుడే తీర్పరి మనస్సు పరీక్షకు వచ్చును.

యంత్రము సాక్షియే గాని తీర్పరి గాదు. కావున తీర్పు చెప్పినవారు తామేమి చూచి అట్లు పలికిరో చిత్రములు చూపి వివరింపవలెనని మా అభిప్రాయము. బిడ్డల తగవు తీర్చు తల్లియైనను కారణము చెప్పనిచో, ఓడిన బిడ్డ ఊరడిల్లునా?