కొర్రమట్టకు కోపం తెప్పించే రంగు

వానపామును గుచ్చితే చేప ఆకలితో వస్తుంది. నేను కట్టే ఈకల గాలం మీదికి కోపంతో వస్తుంది. వరంగల్‌లో ఈ పని చేస్తూ నేను గట్టిగా నమ్మింది ఇదే. కాబట్టి ఈకలు ఏ పురుగులానో, చేపపిల్లలానో కనిపించాల్సిన పని లేదు. తన జాగలోకి ఎవరో చొరబడ్డారని కొర్రమట్టకు అనిపిస్తే చాలు.

ముల్లుకు దారం బిగువుగా చుట్టి, మేక తోక వెంట్రుకలు పరిచి, ఇరుపక్కలా నాటుకోడి పుంజు మెడ ఈకలు కడతాను. పైన రెండు జరీ పోగులు. ముడి మీద గోళ్ళరంగు పూస్తే నీళ్ళలో విడిపోదు. కొత్తవాడలో షత్రంజీలు నేసే రంగు నూలు ఎంత అందంగా ఉన్నా దీనికి పనికిరాదు. నీళ్ళు తాగి బరువెక్కుతుంది. పాలిస్టర్ దారమే మేలు. విదేశాల్లో జింక తోక వెంట్రుకలు వాడతారు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, వాటి జోలికి పోకూడదు. మేక వెంట్రుకలు ఏమాత్రం తీసిపోవు.

విశాఖ వైపు సముద్రంలో పార చేపల కోసం అడిగేవాళ్ళకు లేతాకుపచ్చ, తెలుపు కలిపి, జరీ ఎక్కువ వేసి, తుప్పు పట్టని స్టీలు ముల్లుకు కడతాను. ఎరుపు వద్దంటాను. లోతుకు పోయేకొద్దీ నీటిలో అన్నిటికన్నా ముందు మాయమయ్యే రంగు అదే. మోకాలి లోతు చెరువులో మాత్రం ఎరుపును మించింది లేదు. అమెరికాలో బాబ్ క్లౌజర్ 1980ల్లో నది చేపల కోసం కట్టిన క్లౌజర్ మిన్నో అనే గాలం నేడు సముద్రాల్లోనూ తిరుగుతోంది. ముల్లు మీద బరువైన లోహపు కళ్ళు కట్టడం వల్ల మొన పైకి తిరుగుతుంది, అడుగున చిక్కుకోదు. ఆ ఉపాయాన్నే తేలిక పూసలతో మా నాచు చెరువులకు మార్చుకున్నాను.

వానాకాలంలో కొర్రమట్ట పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి పైకి తేలుతాయి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. అప్పుడు ఏ రంగు వేసినా విరుచుకుపడుతుంది. ఆ చేపను లాగేస్తే పిల్లలన్నీ మిగతా చేపల పాలే. కొర్రమట్ట మన రాష్ట్ర చేప. ఎర్రగుంపు కనబడితే దయచేసి గాలం చుట్టేసి వేరే ఒడ్డుకు పోండి.