మా ఆడుబిడ్డ రెండవ చదువు

ఉద్యోగము దొరకినంతనే చదువు ముగిసినదని తలంచుట మన యిండ్లలో వాడుక. ఆడుపిల్లల విషయమున వివాహముతోనే ముగిసినదని తలంచుటయు గలదు. మా ఆడుబిడ్డకు ఈ రెండును జరిగిన పిమ్మట మరల చదువు మొదలయ్యెను. సోదరీమణులారా, దానిని మేము మొదట మెచ్చుకొనలేదు. ఏల మెచ్చుకొనలేదో, పిదప ఏమి చూచితిమో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆమె మా వారికి కడగొట్టు చెల్లెలు. డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచుండగా 2014లో వివాహమయ్యెను. భర్తతో అమెరికా వెడలి, న్యూయార్కు రాష్ట్రమున ఆల్బనీ నగరమునకు సమీపముననున్న ఒక చిన్న పట్టణమున కాపురము పెట్టెను. ఏడేండ్లు ఇల్లు చూచుకొని, కుమారుని ఎత్తుకొని పెంచి, 2021లో అచటి కమ్యూనిటీ కళాశాలలో నర్సింగునందు చేరెను. చదువు ముగించి, పరీక్ష నెగ్గి, 2023లో రిజిస్టర్డు నర్సుగా లైసెన్సు పొంది, ఒక ఆసుపత్రిలో రాత్రి కొలువున కుదిరెను. ఆ వార్త విన్ననాడు మా అత్తగారు వీథి వీథి అంతయు లడ్డులు పంచిరి. నాలుగు నెలలు గడవకముందే, “వదినా, బి.యస్. పట్టాకై మరల చేరితిని” అని ఫోనులో చెప్పెను. మాకు అర్థము కాలేదు. నర్సయిన తరువాత నర్సింగు చదువుటేమి?

ఆ దేశమున నర్సగుటకు ముఖ్యముగా రెండు త్రోవలున్నవి. విశ్వవిద్యాలయమున నాలుగేండ్లు చదివి బి.యస్. పట్టా పొందుట యొకటి. కమ్యూనిటీ కళాశాలలో ఇంచుమించు రెండేండ్లు చదివి అసోసియేటు డిగ్రీ పొందుట రెండవది. ఈ పొట్టిత్రోవ రెండవ ప్రపంచయుద్ధము తరువాత నర్సుల కొఱత మిక్కుటమైనప్పుడు మిల్‌డ్రెడ్ మాంటాగ్ అను విదుషి ఆలోచనమున పుట్టి, 1952లో ప్రయోగముగా మొదలయ్యెను. ఏ త్రోవను వచ్చినను వ్రాయవలసిన లైసెన్సు పరీక్ష ఒక్కటియే. వార్డులో ఒకే మంచముకడ ఒకే పని. ఐనను 1965లోనే అచటి నర్సుల సంఘము విశ్వవిద్యాలయపు పట్టాయే వృత్తికి కనీసపు అర్హత కావలెనని పలికెను. ఆ తగవు అరువదేండ్లుగా నలుగుచునేయున్నది. ఉత్తర డకోటా రాష్ట్రము అట్టి నియమము పెట్టి, 2003లో తీసివేసెను. 2020 నాటికి నూటికి ఎనుబదిమంది నర్సులకు బి.యస్. ఉండవలెనని 2010లో ఒక ఘనమైన విద్వత్సభ సిఫారసు చేసెను గాని, గడువునకు ఆ లెక్క చేరలేదు. న్యూయార్కువారు 2017 డిసెంబరులో మధ్యేమార్గముగా ఒక చట్టము చేసిరి: పొట్టిత్రోవను లోనికి రావచ్చును, కాని లైసెన్సు పొందిన పదేండ్లలోపల బి.యస్. సంపాదింపవలెను. మా ఆడుబిడ్డకు గడువు 2033. ఆమె పనిచేయు ఆసుపత్రివారు మాత్రము ఐదేండ్లలోనే కావలెననిరి.

2024 వేసవి సెలవులలో మేమును మా వారును ఆమె యింటికి పోయితిమి. అత్తగారిని పెద్ద ఆడుబిడ్డకడ నుంచితిమి.

దూరమునుండి ఫోనులో వినుట వేఱు, కంట చూచుట వేఱు. వారమునకు మూడు రాత్రులు, సాయంకాలము ఏడింటికి పోయి ఉదయము ఏడింటికి దిగవలెను. ఇల్లు చేరునప్పటికి ఎనిమిది. బిడ్డను బడికి పంపి, పగలు తెఱలు దించుకొని నిద్రించును. మధ్యాహ్నము బిడ్డ తిరిగివచ్చువేళకు లేచును. ఈ నడుమ చదువెప్పుడు? రాత్రి కొలువు లేనినాడు అందఱును పరుండిన పిదప, వంటింటి బల్లమీద. ఒక ప్రక్క రేపటికి నానబోసిన శనగలు, మఱియొక ప్రక్క బిడ్డ రంగుపెన్సిళ్లు, నడుమ కంప్యూటరు. ఆ విశ్వవిద్యాలయమున తరగతిగదిలేదు, గంటలేదు. పాఠములన్నియు ఆన్‌లైనులోనే యుండును. ఎవరి వేళకు వారు చదువుకొనవచ్చును. వారము వారము ఒక ప్రశ్న ఇత్తురు. దానికి జవాబు వ్రాసి, తోడి విద్యార్థినుల జవాబులలో రెండింటికి మరల మాట చెప్పవలెను. ఆ తోడివారును పనిచేయు నర్సులే, ఒకరి మొగమొకరు చూచినవారు కారు. అర్ధరాత్రమున ఒకామె, “ఇప్పుడే బిడ్డ నిద్రించెను, నా జవాబు ఆలస్యమైనందుకు మన్నింపుడు” అని వ్రాయగా మా ఆడుబిడ్డ మాకు చూపి నవ్వెను.

ఎవరి వేళకు వారు చదువుకొనవచ్చునన్న మాట చెవికింపుగానే యుండును. ఆ వేళ ఎక్కడనుండి వచ్చునో ఆ మాటలో లేదు. అది ఆమె నిద్రనుండి వచ్చెను. ఒకనాటి ఉదయము బిడ్డకు పాలు కలుపుచు నిలుచుండియే కన్నుమూయుటను మేము చూచితిమి. రుసుము ఆసుపత్రివారు తిరిగి యిత్తురు గాని, మొదట ఆమెయే చెల్లించి, ఉత్తీర్ణత చూపిన పిమ్మటనే. సంవత్సరమునకు 5,250 డాలర్లవఱకు యజమానులిచ్చు అట్టి సాయముమీద పన్ను లేదట. తప్పినచో ఆ సొమ్ము ఆమె చేతినుండి పోయినట్లే.

ఆమె తప్పెను. గణాంకశాస్త్రమున.

ఆ ఉదయము కొలువునుండి వచ్చి, యూనిఫారము విప్పకయే ఫలితము చూచుకొని, కంప్యూటరు మూసి, “వదినా, ఇక చాలును. లైసెన్సు ఉన్నది, పని వచ్చును. ఈ లెక్కలతో రోగికి మందు పట్టింతునా?” అనెను.

“చాలునమ్మాయీ, మానివేయుము. చేయగలవారిని కాగితము అడుగుటయే అన్యాయము” అని మేమంటిమి.

మా వారు మావైపు చూచి, “ఈ మాట దానికొఱకు చెప్పుచున్నావా, నీకొఱకా?” అనిరి.

ఆ మాట గుచ్చుకొన్నది. చదువరులకు దాచుటేల? మాకు ఒక్క పట్టాయు లేదు. మా తాతగారు అరుగుమీద కూర్చుండబెట్టుకొని అమరము మొదలు కావ్యములవఱకు చెప్పిరి. వ్యాకరణము మా నాయనగారు చెప్పిరి. బడి ముఖము చూడలేదు. కొన్నియేండ్ల క్రిందట ఒక పాఠశాలలో తెలుగు చెప్పువారు కావలసివచ్చి, మమ్ము పిలిచి, పద్యము చదివించుకొని, అర్థము చెప్పించుకొని, సంతోషించి, కడపట పట్టా యేదని యడిగి పంపివేసిరి. ఆనాటినుండి ఆ మాటయే మాకు కిట్టదు. ఆడుబిడ్డ అలసట చూచి జాలిపడితిమన్నది నిజము. జాలి వెనుక ఆ పాతపుండును ఉన్నదన్నదియు నిజమే.

మా వారు లెక్కల మేష్టరు. అమెరికా చూడవచ్చినవారు మిగిలిన మూడు వారములును ఆ వంటింటి బల్లకడనే గడపిరి. నానబోయవలసిన శనగలలో తెల్లవియు నల్లవియు కలిపి ఒక గిన్నెలో పోసి, “కన్నులు మూసికొని పిడికెడు తీయుము. నల్లవెన్ని? మరల తీయుము. ప్రతిసారియు లెక్క మాఱుచున్నది గదా! ఎంత మాఱవచ్చునో తెలిసికొనుటయే ఈ శాస్త్రము” అని చెప్పిరి. బిడ్డయు పిడికిళ్లు తీసెను. అన్నాచెల్లెండ్రు చిన్ననాటివలె కలహించుకొనిరి. ఆ శనగలు కూరకు రాకపోయినను ఆడుబిడ్డకు శాస్త్రము వచ్చెను, రెండవసారి ఉత్తీర్ణురాలయ్యెను.

తరువాతి పాఠమున పరిశోధనలు చదువుట. అందొకటి 2003లో వెలువడినది: లిండా ఐకెన్ అను ఆమెయు సహచరులును పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందినవారిని గూర్చి చేసినది. నర్సులలో బి.యస్. గలవారి పాలు నూటికి పది పెఱిగినచోట, ముప్పది దినములలోపల రోగులు చనిపోవు సంభావ్యత నూటికైదు తగ్గినట్లు వారు కనుగొనిరి. మా వారు ఊరకుందురా? “పట్టా గలవారిని పనిలో పెట్టుకొను ఆసుపత్రి తక్కినవాటియందును మేలైనదై యుండవచ్చును గదా?” అని ఫోనులో అడిగిరి. ఆమె తడుముకొనకయే, “ఆసుపత్రి పరిమాణము, ఒక్కొక్క నర్సుకు రోగులెందఱు, వైద్యుని యోగ్యత యివన్నియు లెక్కలోనికి తీసికొనియే చెప్పిరి అన్నయ్యా, ఐనను కారణము ఇదియేయని ముద్రవేయరాదు” అనెను. మా వారు ఫోను మాచేతికిచ్చి చాలసేపు గదిలో అటునిటు తిరిగిరి. ఆ సంతోషము వారు పైకి చెప్పరు.

మా మనస్సు మాత్రము అప్పటికిని పూర్తిగా మాఱలేదు. మాఱినది మఱియొక సంగతివలన.

ఆమె వార్డులో గుండెనీరసపు రోగులెక్కువ. గుండె సరిగా తోడలేక నీరు శరీరమున నిలిచి, పాదములు వాచి, ఊపిరి ఆడక వత్తురు. మందులతో నీరు తీసి యింటికి పంపుదురు. కొలది దినములకే కొందఱు మరల వత్తురు. ఎవరెవరో మాకు చెప్పలేదు, చెప్పరాదుకూడ. ఇంటికి పంపునాడు ఆమె కాగితము చదివి, ఉప్పు తగ్గింపుడు, ప్రతి యుదయము బరువు చూచుకొనుడు అని చెప్పి, సంతకము పెట్టించుకొనెడిది. అంతటితో తన పని ముగిసినదనుకొనెడిది. ఈ చదువున సమాజారోగ్యమను పాఠము కలదు. అందులకై కొన్ని గంటలు వార్డు విడిచి, వృద్ధులు కూడుకొను ఒక చోట గడపవలసివచ్చెను. అచట చూడగా, ఒంటిగా నుండు ఆ ముసలివారిలో పలువురి భోజనము డబ్బాలలోని సూపు. అందు ఉప్పు మెండు. బల్లమీది ఉప్పుబుడ్డి మానితిమి గదాయని వారి ధైర్యము. కొందఱియింట బరువు చూచుకొను మిషనే లేదు. ఉన్నవారిలో కొందఱికి అందలి అంకెలు కానరావు. “వదినా, రెండేండ్లుగా నేను చెప్పినది వారు విన్నారనుకొంటిని. సంతకమును చూచి మోసపోతిని” అనెను. ఆనాటినుండి చెప్పినదానిని రోగినోట మరల చెప్పించి, ఇంట ఏమేమి వండుకొందురో అడిగి, అటుపిమ్మటనే పంపుచున్నదట. దీనికి పట్టా అక్కఱలేదని మేము వాదింపవచ్చును. కాని పట్టాకొఱకు ఆ వార్డు గడప దాటకపోయినచో, ఆమె ఆ డబ్బాలను చూచియుండెడిది కాదు.

ఇది మాకు ఏల తగిలెననగా, మా అత్తగారికిని ఆ వ్యాధియే. 2023లో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చితిమి. వేళకు మాత్రలిచ్చుచునే యుంటిమి, కూరలలో ఉప్పు తగ్గించితిమి. ఐనను రెండవసారి ఊపిరాడక ఆమె మా చేయి పట్టుకొన్న రాత్రి, లోపము మాదేయని లోలోన కుమిలితిమి. 2024 అక్టోబరులో ఒకనాటి ఉదయము ఆఱున్నరకు, అక్కడ రాత్రి తొమ్మిది, ఆడుబిడ్డ ఫోనులో, “అమ్మా, నిన్న ప్రొద్దుటినుండి ఏమేమి తింటివో నీవే చెప్పుము” అని యడిగెను. అత్తగారు పెరుగన్నమువఱకు చెప్పి, “చారులో ఉప్పే లేదు, నీ వదిన వేయనీయదు” అనిరి.

“అన్నములో నంజుకొన్నదేమి?”

“ఆవకాయ. అందు ఉప్పు వేసవిలో వేసినది గదా, ఇంకను ఉండునా?”

మేము జాడీమూతవైపు చూచితిమి. కూరలో గోరంత తగ్గించి, విస్తరిలో చారెడు వడ్డించుచున్నది మేమే. అడుగవలసిన ప్రశ్న ఇంతకాలము మాకు తోచలేదు. ఆ సాయంకాలమే మా వారు బరువు చూచుకొను మిషను తెచ్చిరి. ప్రతి యుదయము కాలకృత్యము తీర్చుకొని, ఏమియు తినకముందు అత్తగారు దానిపై నిలుచుందురు. మేము పంచాంగపు క్యాలెండరుమీద అంకె వేయుదుము. ఒక్క దినమున కిలోకు మించియో, వారమున రెండు కిలోలకు మించియో పెఱిగినచో ఆలసింపక డాక్టరుగారికి చెప్పవలెనని కట్టడి. ఆవకాయ మానుటకు మాత్రము ఆమె పదునైదు దినములు మాతో మాటలాడలేదు. ఇప్పటికిని మంగళవారము ఒక్క బద్ద, కడిగి.

మన దేశమందును పనిలోనున్న నర్సులకై ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయమువారు పోస్టు బేసిక్ బి.యస్సీ. నర్సింగు నడపిరి. మా యెఱుకలోని యొక హెడ్డు నర్సు, ఇద్దఱు బిడ్డల తల్లి, అట్లే చదివినది. ఆ చదువునాళ్లలో తన యింట దీపము ఎన్నింటికి ఆఱెడిదో మేము ఆమెను ఎన్నడును అడుగలేదు. ఈ నడుమ అడిగితిమి. ఆమె చెప్పుటకు గంట పట్టెను.

మా ఆడుబిడ్డ చదువు 2025 ఆగస్టులో ముగిసెను. కడపటి వ్యాసము పంపిన రాత్రి, ఇక్కడ తెల్లవాఱునప్పటికి మేమందఱము ఫోనుచుట్టును చేరితిమి. అత్తగారు తలకుపోసికొని, ఆనాటి బరువు కూతునకు తామే చెప్పవలెనని అంకె వల్లెవేసికొనుచుండిరి. ఏడైనను ఫోను మ్రోగలేదు. మా వారే చేయగా అల్లుడుగారు ఎత్తి మెల్లగా, “నిద్రించుచున్నది, లేపమందురా?” అనిరి. అత్తగారే వలదని చేయి ఊపిరి.