గాజు వెడల్పుకు కట్టే వెల

దూరాన ఉన్న పక్షిని దగ్గరగా చూపే లెన్సు కొనదలచిన వారు మొదట అడిగేది దాని నాభ్యంతరం ఎంత అన్నదే. మిల్లీమీటర్లలో చెప్పే ఈ సంఖ్య, అంటే వాడుకలో ఫోకల్ లెంగ్త్ అనేది, పెరిగిన కొద్దీ వెల పెరుగుతుందని చాలామంది నమ్ముతారు గాని, తయారీదారుల ధరల పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తే వెలను ప్రధానంగా శాసించేది లెన్సులోకి వెలుగు ప్రవేశించే ద్వారపు వ్యాసమని తేలుతుంది. నాభ్యంతరాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఆ వ్యాసం వస్తుంది కనుక 300 మి.మీ. ఎఫ్/4 లెన్సుకు అది 75 మి.మీ., 500 మి.మీ. ఎఫ్/5.6కు సుమారు 89 మి.మీ., 600 మి.మీ. ఎఫ్/4కు 150 మి.మీ. అవుతుంది. నికాన్ సంస్థ 2015లో తెచ్చిన 300 మి.మీ. ఎఫ్/4 పీఎఫ్ (ఫేజ్ ఫ్రెనెల్), 2018లో తెచ్చిన 500 మి.మీ. ఎఫ్/5.6 పీఎఫ్, 2015లోనే తెచ్చిన 600 ఎఫ్/4ఇ లెన్సులకు అమెరికాలో విడుదల ధరలు వరుసగా సుమారు 2,000, 3,600, 12,300 డాలర్లు కాగా, వాటి బరువులు 755, 1,460, 3,810 గ్రాములు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ద్వారపు వ్యాసం రెట్టింపయింది, లోనికి వచ్చే వెలుగు నాలుగింతలయింది, వెల మాత్రం ఆరింతలు దాటింది. పెద్ద గాజును లోపం లేకుండా పోతపోసి, సానపట్టడం కష్టమైన పని కావడం, అలాంటి లెన్సులు కొనేవారు కొద్దిమందే కావడం ఇందుకు కారణాలు. ఈ వ్యాసకర్త ఇంటి పొదుపు నుంచి లెన్సు కోసం డబ్బు తీసేముందు వేసుకున్న మొదటి లెక్క ఇదే. తర్వాతి నిర్ణయాలన్నీ దీనినుంచే వచ్చాయి.

ఆ నిర్ణయాలకు కేంద్రమైన చిన్న టెలిఫోటో, టెలికన్వర్టర్ అనే రెండు పరికరాలూ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. ముందు కేంద్రీకరణ కటకాల సమూహాన్నీ, వెనుక వికేంద్రీకరణ కటకాల సమూహాన్నీ ఉంచితే లెన్సు గొట్టం పొడవు నాభ్యంతరం కన్నా తక్కువలో ముగుస్తుంది. కుంభాకార, పుటాకార కటకాలను ఇలా జతచేస్తే బింబం పెద్దదవుతుందని కెప్లర్ 1611లోనే వివరించాడు. 1891లో లండన్‌లో డాల్‌మేయర్, జర్మనీలో మీతే, స్టైన్‌హైల్ ఎవరికి వారుగా ఈ అమరికను ఫోటోగ్రఫీకి తెచ్చారు. టెలికన్వర్టర్ అంటే అలాంటి వికేంద్రీకరణ సమూహమే ఒకటి విడిగా చిన్న గొట్టంలో అమర్చి, కెమెరాకూ లెన్సుకూ మధ్య తగిలించేది. టెలిస్కోపు వాడేవారికి బార్లో కటకంగా పరిచయమైన వస్తువు దీని పూర్వీకుడు. 1830లలో ఆంగ్ల గణితవేత్త పీటర్ బార్లో పేర అది వచ్చింది. 300 పీఎఫ్ లెన్సు ఇంత పొట్టిగా, 147.5 మి.మీ. పొడవులో ముగియడానికి మరో కారణం ఫ్రెనెల్ ఆలోచన. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ 1823లో కోర్డువాన్ దీపస్తంభంలో మందపాటి కటకానికి బదులు వలయాలుగా తీర్చిన పలుచని కటకాన్ని నిలబెట్టాడు. ఈనాటి లెన్సులోని సూక్ష్మ వలయాలు వెలుగును వివర్తనం ద్వారా వంచుతాయి. వాటి వర్ణదోషం మామూలు గాజు వర్ణదోషానికి వ్యతిరేక దిశలో ఉంటుంది కనుక ఒకటి మరొకదాన్ని సరిచేస్తుంది, గాజు బరువు తగ్గుతుంది. సూర్యుడో, బలమైన దీపమో చట్రంలోకి వస్తే రంగు వలయాలు కనబడడం మాత్రం దీనితో వచ్చే లోపం. నీటి మీద సూర్యాస్తమయాన్ని ఎదురుగా తీసేవారు ఇది తెలుసుకుని కొనాలి.

టెలికన్వర్టర్ వల్ల ముందున్న ద్వారం పెరగదు. 300 మి.మీ. ఎఫ్/4కు 1.4 రెట్ల కన్వర్టర్ తగిలిస్తే అది 420 మి.మీ. ఎఫ్/5.6 అవుతుంది, 420ని 5.6తో భాగిస్తే మళ్ళీ 75 మి.మీ. వస్తుంది. 2 రెట్ల కన్వర్టర్‌తో 600 మి.మీ. ఎఫ్/8 అయినా ఆ 75 మి.మీ. అలాగే ఉంటుంది. ఒక డబ్బా సున్నాన్ని రెండింతల గోడకు పూస్తే పూత ఎలా పలుచబడుతుందో, లోనికి వచ్చిన వెలుగు కూడా పెద్దదైన బింబం మీద అలా పలుచబడుతుంది. 1.4 రెట్లకు వెలుగు సగమవుతుంది, అంటే ఒక స్టాప్ తగ్గుతుంది. 2 రెట్లకు పావువంతుకు పడి రెండు స్టాప్‌లు తగ్గుతాయి. స్టాప్ అనేది వెలుగును రెట్టింపు లేదా సగం చేసే ఒక్కొక్క మెట్టు. కాబట్టి కన్వర్టర్‌కు చెల్లించే డబ్బు కొత్త వెలుగును కొనడం లేదు. ఉన్న వెలుగునే పక్షి ఆకారం మీద ఎక్కువ పిక్సెళ్ళకు పంచడానికి వెచ్చించబడుతోంది.

పంచడం కూడా విలువైనదే, అయితే దానికి ఖర్చులేని ప్రత్యామ్నాయం ఒకటుంది. తీసిన చిత్రాన్ని అంచులు కత్తిరించి వాడుకోవడమే అది. 24 మెగాపిక్సెళ్ళ చిత్రంలో 1.4 రెట్ల పెంపుకు సరిపడా కత్తిరిస్తే దాదాపు 12 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేసినా 14 అంగుళాల వెడల్పు వస్తుంది. ఇంటి గోడకూ, పత్రికలో ఒక పుటకూ అది చాలు. అందువల్ల కన్వర్టర్ కొనే ఆలోచన వచ్చినపుడు పాత చిత్రాలను తెరిచి, ఎంతవరకు కత్తిరించవలసి వస్తోందో, కత్తిరించాక ఈకల గీతలు నిలుస్తున్నాయో లేదో పరిశీలించడం తప్పనిసరి. ఈ వ్యాసకర్త అలా పరిశీలించిన తర్వాతే, కత్తిరించినా చాలని చిత్రాలు తరచుగా కనబడడం వల్లనే 1.4 రెట్ల కన్వర్టర్‌ను ఇంటికి తెచ్చుకోవడం జరిగింది. ఆ పరిశీలన లేకుండా కొనడం, అవసరాన్ని కొలవకుండా అప్పు తీసుకోవడం వంటి పని.

కన్వర్టర్ ఆర్థిక లాభం అది తొలగించే ఖర్చులో ఉంది. అమెరికాలో 500 డాలర్ల ధరతో 2014లో వచ్చిన నికాన్ 1.4 రెట్ల మూడవ తరం కన్వర్టర్ బరువు 190 గ్రాములు; 300 పీఎఫ్‌తో కలిపి 945 గ్రాములకూ, విడుదల ధరల లెక్కన 2,500 డాలర్లకూ 420 మి.మీ. చేతికి వస్తుంది, తీసేస్తే వెలుగు ఎక్కువ కావలసినప్పుడు ఎఫ్/4 లెన్సు మిగులుతుంది. అదే లెక్కన 500 పీఎఫ్‌కు మరో 1,100 డాలర్లు పెట్టవలసి వచ్చేది, లోనికి వచ్చే వెలుగు మాత్రం దాదాపు 1.4 రెట్లే, అంటే అర స్టాప్ ఎక్కువ. ఆ అర స్టాప్ పనికిరానిదని కాదు. అడవిలో తెల్లవారుజామున ప్రతి భాగమూ లెక్కకు వస్తుంది. కాని 600 ఎఫ్/4 వంటి బరువైన లెన్సులా కాక, చేతిలో పట్టుకుని వాడగల లెన్సుకు గట్టి ట్రైపాడ్ అక్కర లేదు, దానికి తగిన తల అక్కర లేదు, పెద్ద సంచి అక్కర లేదు. 300 పీఎఫ్‌లోని కంపన నివారణ పరీక్షా ప్రమాణాల ప్రకారం 4.5 స్టాప్‌ల దాకా సాయపడుతుంది. పెద్ద లెన్సు వెలలో ఈ ఉపకరణాలను కలపకుండా పోల్చడం వల్లనే చాలామంది కొనుగోలు తర్వాత వరుసగా ఖర్చు పెడుతూ పోతారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, బరువైన లెన్సు బీరువాలో ఉండిపోతుంది. బీరువాలో ఉన్న కాలానికి కూడా దాని అమ్మకపు వెల తగ్గుతూనే ఉంటుంది.

ఎంత దూరం నుంచి తీస్తారన్నది వెళ్ళే చోటును బట్టి ఉంటుంది కనుక, లెన్సు బడ్జెట్ నిర్ణయించేది ఆ చోట్లే కావాలి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో చెరువులలోని దిబ్బల మీద ఎర్రకాళ్ళ కొంగలూ, గూడబాతులూ ఊరికి ఆనుకునే గూళ్ళు కట్టుకుంటాయి. అక్కడ 300 మి.మీ. చాలాసార్లు సరిపోతుంది, ఎగిరే పక్షికి 420 మి.మీ. ఎక్కువ కూడా అవుతుంది. పులికాట్‌లో పరిస్థితి వేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే దారి మీద నిలబడితే ఫ్లెమింగోలు బురదనేల మీద ఎంతో దూరంగా కనిపిస్తాయి, పొద్దెక్కేసరికి వేడి గాలి తరంగాలు మధ్యలో లేచి బింబాన్ని వణికిస్తాయి. ఆ వణుకును 600 మి.మీ. లెన్సు కూడా తొలగించలేదు సరికదా, పెద్దదిగా చూపుతుంది. అలాంటి చోట లక్షలు పెట్టి నాభ్యంతరం కొనడం కన్నా ముందురోజే సూళ్లూరుపేట చేరి తెల్లవారేసరికి దారి మీద ఉండడానికి గది అద్దె చెల్లించడం మేలన్నది ఈ వ్యాసకర్త స్థిరాభిప్రాయం. ప్రయాణపు ఖర్చును పరికరాల ఖర్చులో భాగంగా లెక్కించడం అక్కడినుంచే మొదలైంది.

2 రెట్ల కన్వర్టర్‌ను మాత్రం చిన్న టెలిఫోటోకు తగిలించేందుకు కొనరాదన్న నిర్ణయానికి బలమైన కారణాలున్నాయి. ఎఫ్/8 వద్ద అద్దపు కెమెరాలు అనేకం మధ్యలోని కొన్ని బిందువులతోనే, అవీ నెమ్మదిగా, ఆటోఫోకస్ చేయగలవు. అద్దం లేని కెమెరాలలో ఈ పరిమితి చాలావరకు తొలగినా వెలుగు తక్కువైనపుడు వేగం తగ్గుతుంది. ఎఫ్/4 వద్ద సెకనులో 1,600వ వంతు షట్టర్‌తో ఆగే రెక్క, అదే వెలుగులో, అదే ఐఎస్ఓలో 400వ వంతుకు దిగితే చెదిరిపోతుంది. వివర్తనం వల్ల ఎఫ్/8 వద్ద ఒక బిందువు సుమారు 11 మైక్రాన్ల చుక్కగా పరుచుకుంటుంది. నాలుగైదు మైక్రాన్ల పిక్సెళ్ళ మీద అది ఒకదానిని దాటి పక్కవాటి మీదికి పోతుంది. పైగా లెన్సులోని ప్రతి చిన్న లోపమూ రెండింతలుగా కనబడుతుంది. ఎఫ్/2.8 పెద్ద లెన్సుకు ఈ కన్వర్టర్ ఎంతో ఉపకరిస్తుంది, ఎందుకంటే దాని ద్వారం పెద్దది; చిన్న లెన్సు కోసం కొన్నది చాలావరకు సంచిలోనే ఉండిపోతుంది.

చెల్లించే పద్ధతి కూడా వెలలో భాగమే. ఖర్చులేని ఈఎంఐ పేరుతో అమ్మకం జరిగినపుడు నగదు తగ్గింపు పోతుందన్నది పరిశీలించవలసిన విషయం. సున్నా శాతం వడ్డీ అనేది ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. లక్షా యాభై వేల రూపాయల లెన్సును నగదుకు 1,42,500కు ఇస్తామన్న దుకాణం నుంచి పన్నెండు వాయిదాలలో 12,500 చొప్పున కొంటే, వదులుకున్న 7,500 రూపాయలు ఏటా దాదాపు 10 శాతం వడ్డీతో సమానం. దానికి ప్రాసెసింగ్ రుసుము, క్రెడిట్ కార్డు వాయిదాలైతే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ తోడవుతాయి. ఆ వాయిదానే ముందుగా బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకుంటే వడ్డీ చెల్లించే స్థానంలో వడ్డీ పొందే స్థానంలో ఉండవచ్చు, చిత్రాలను పరిశీలించి అవసరం తేల్చుకునే వ్యవధి కూడా దొరుకుతుంది. అమెరికాలోని బంధువుల చేత లెన్సు తెప్పించుకోవడం తెలుగు ఇళ్ళలో మామూలే గాని, మినహాయింపు పరిమితి దాటినదానికి విమానాశ్రయంలో సుంకం పడుతుంది, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. రెండూ కలిపి చూశాకే తేడా నిజమైనదో కాదో తెలుస్తుంది.

పాతది కొనడానికి కన్వర్టర్ కన్నా అనువైన వస్తువు తక్కువ. ఫోకస్ చేసే మోటారు అందులో ఉండదు, అరిగే భాగాలు కొద్ది, పరీక్షించవలసినవి గాజు, విద్యుత్ కాంటాక్టులు, బిగింపు మాత్రమే. కోస్తా తేమలో గాజు మీద పెరిగే బూజును మాత్రం టార్చి వెలుగులో వెతకాలి, ఎందుకంటే అది గాజు పూతను తినేస్తే శుభ్రం చేసినా మచ్చ పోదు. కొన్న తర్వాత 40 నుంచి 50 శాతం తేమలో, సిలికా జెల్ వేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచుకోవాలి. అన్నిటికీ ముందు ఏ లెన్సుకు ఏ కన్వర్టర్ సరిపోతుందో తయారీదారు పట్టికలో చూడాలి, ఎందుకంటే కన్వర్టర్ ముందు గాజు లెన్సు లోపలికి పొడుచుకుపోతుంది, స్థలం లేని లెన్సుకు అది తగలనే తగలదు. 2019లో వచ్చిన క్యానన్ ఆర్ఎఫ్ 70-200 ఎఫ్/2.8 లెన్సుకు ఏ కన్వర్టరూ అమరదు. ఆర్ఎఫ్ 100-500కు అమరినా 300 మి.మీ. దాటిన తర్వాతే వాడగలరు.

2018లో నికాన్, క్యానన్ రెండూ కొత్త బిగింపులకు మారడంతో నికాన్ పాత ఎఫ్ బిగింపు లెన్సుల మారు అమ్మకపు వెల తగ్గింది. అమ్మేవారికి నష్టమైన ఆ మార్పు కొనేవారికి అనుకూలం. 300 పీఎఫ్, దాని కన్వర్టర్ రెండూ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో కొత్త కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి కనుక వాటిని తక్కువకు అమ్మవలసిన తొందర లేదు. 2022లో వచ్చిన జెడ్ 400 మి.మీ. ఎఫ్/4.5 ద్వారం 89 మి.మీ.; 1.4 రెట్ల జెడ్ కన్వర్టర్‌తో అది 560 మి.మీ. ఎఫ్/6.3 అవుతుంది, కాని పాత కన్వర్టర్ దానికి తగలదు కాబట్టి లెన్సుతోపాటు కన్వర్టర్ వెలనూ కలిపి అంచనా వేయాలి. ఈ వ్యాసకర్త రికరింగ్ డిపాజిట్ ఇప్పుడు ఆ రెండింటి మొత్తం మీద లెక్కకట్టి నడుస్తోంది, 420 మి.మీ.లో తీసి కత్తిరించినా చాలని చిత్రాలు ఒక శీతకాలపు వలస కాలమంతటా తరచుగా ఎదురైతేనే ఆ డబ్బు లెన్సుకు వెళుతుంది, లేకుంటే మళ్ళీ డిపాజిట్‌గా మారుతుంది.