మంచు ద్రాక్ష, ఈత కల్లు, మా అత్తమ్మ

ఐస్ వైన్ అనగానే గ్లాసులో ఐసు ముక్కలు వేసుకుని తాగేది అనుకోకండి. ద్రాక్షను కోయకుండా తీగకే వదిలేసి, పిట్టలు తినకుండా వలలు కట్టి, గడ్డకట్టే చలి కోసం కాచుకుంటారు. పండ్లు గోలీల్లా గట్టిపడ్డాక, తెల్లవారకముందే కోసి అలాగే పిండుతారు. నీళ్లు మంచై వెనకే ఉండిపోతాయి, చిక్కటి తీపి బొట్లు బొట్లుగా దిగుతుంది. చిన్నప్పుడు పుల్ల ఐసు పీలిస్తే రంగూ తీపీ ముందే నోట్లోకి వచ్చేసి, తెల్లటి గడ్డ మిగిలేది గుర్తుందా? అదే ఇది. మనం చెరకు రసం కాచి నీళ్లు పోగొట్టి బెల్లం చేస్తాం, వాళ్లకు ఆ పని చలి చేసిపెడుతుంది. రసం చాలా తక్కువ వస్తుంది కాబట్టి సీసా చిన్నది, 375 మిల్లీలీటర్లు. ధర మాత్రం పెద్దది.

పోయిన దసరాకు అలాంటివి రెండు మా ఇబ్రహీంపట్నం ఇంటికొచ్చాయి. ఒకటి టొరంటోలో చదివే మా పెద్దమ్మాయి నయాగరా నుంచి తెచ్చింది. ఇంకోటి జర్మనీలో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు తెచ్చాడు.

మా ఇంట్లోకి సీసా రాదు. పదకొండేళ్ల కింద మా బావగారు తాగుడుతోనే పోయారు. బియ్యం డ్రమ్ములో, బీరువా వెనక ఆయన దాచిన సీసాలు ఏరి పారేసింది అత్తమ్మే. ఆ తర్వాత ఆమె నోట పెద్దకొడుకు మాట నేను వినలేదు. అందుకే పిల్లలు సీసాలు బల్ల మీద పెట్టగానే వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయింది.

అత్తమ్మ కోప్పడలేదు. "గంత చలిల ఎందుకు కోస్తరే?" అని అడిగింది. మనవరాలు చెబితే, "గట్లనా! మన ఈత కల్లు లెక్కనే. చలికి దిగింది తియ్యగుంటది, పొద్దెక్కితే పులుస్తది" అంది. ఆమె పుట్టింటి ఊళ్లో పండుగపూట ఆడవాళ్లు కల్లు తాగడం దాపరికం కాదు. కాలనీలకొచ్చిన మనమే దాచుకుంటాం.

కెనడాలో సున్నా కింద 8 డిగ్రీలు, జర్మనీలో 7 ఉంటే గానీ కోయకూడదట. మనకు పది డిగ్రీలంటేనే మఫ్లర్లు! ఫ్రీజర్‌లో పెట్టి చేస్తే రెండు చోట్లా ఆ పేరు పెట్టనివ్వరట. "మందు కలిపింది కల్లెట్లయితది మరి" అంది అత్తమ్మ.

స్టీలు చెంచాలతో రుచి చూశాం. నయాగరాది విడాల్ అనే మందపు తోలు ద్రాక్ష. బాగా మగ్గిన మామిడిపండులో తేనె కలిపినట్టుంది. జర్మనీది రీస్లింగ్. తీపి వెనకే నిమ్మ పులుపు. నాలుకకు బరువనిపించదు. తెలుగు బీఏలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం చదువుకున్నాను గానీ, గడ్డకట్టిన ద్రాక్షది ఏ పాకమో ఏ మేడమూ చెప్పలేదు.

జర్మనీలో బింగెన్ దగ్గర 1830లోనే దీన్ని చేశారట. నయాగరాలో అమ్మకానికి మొదలుపెట్టింది 1984లో. 1991లో ఫ్రాన్సులోని బోర్డోలో పెద్ద బహుమతి రావడంతో దాని పేరు మోగింది. ఇప్పుడు జర్మనీ కంటే కెనడాలోనే చలి నమ్మకంగా పడుతుంది. మావాడు తెచ్చింది 2018 పంట. మర్నాటి ఏడాది చలి చాలక జర్మనీలో ఒక్క ప్రాంతంలోనూ ఐస్ వైన్ పంట రాలేదట. ఆ మాటకు నాకెందుకో దిగులేసింది.

నాకు నయాగరాది నచ్చింది. అత్తమ్మ మాత్రం జర్మనీ చెంచా రెండోసారి అడిగింది. "ఇండ్ల పులుపుంది, గొంతు దిగుతుంది. గది ఉత్త పాకం." కాసేపాగి, "పెద్దోడుంటే రెండూ ఒక్కపూటల ఖతం చేసేటోడు" అంది.

ఎవరమూ మాట్లాడలేదు. ఆమే మాట్లాడింది. చిన్నప్పుడు వాడు ఈత పండ్ల కోసం ముండ్లు గుచ్చుకున్న కథ, మొదటి జీతంతో ఆమెకు చీర తెచ్చిన కథ. మా ఆయన అన్నం కలుపుకుని తినకుండా వింటూ కూర్చున్నారు.

చేతులు కడుక్కుంటూ నాతో అంది, "మిగిలింది పోరగాండ్లను తీసుకపొమ్మను. ఇంట్ల ఉంచకు."